పై వాటా వాళ్ల చేప

గోదావరి జిల్లాల్లో ‘చేపల్ని పెంచుతున్నాం’ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది చెరువే. ఎన్నెకరాలు, బొచ్చె వేశారా శీలావతి వేశారా, కిలో ఎంత పలికింది... ఇవీ అడిగే ప్రశ్నలు. ‘‘చెరువులో కాదండీ, హాల్లో అద్దాల తొట్టెలో’’ అన్నామంటే ఎదుటి మనిషి మొహంలో కాస్త జాలి కనిపిస్తుంది. పుస్తెలమ్మయినా పులస తినాలనుకునే ఊళ్లలో, తినని చేపకి తిండి పెట్టే ఇల్లు ఉందంటే వింతే మరి!

కడియంలో అలాంటి ఇల్లు మాది. లోపలికి రాగానే ఎదురుగా ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న అక్వేరియం. వచ్చినవాళ్లు రంగురంగుల చేపల కోసం వెతుకుతారు. ముందు ఏమీ కనపడదు. కాసేపటికి అడుగునున్న మొద్దు పక్కన ఇంకో మొద్దులాంటిది కదులుతుంది. ఒళ్లంతా ముదురు గోధుమరంగు మచ్చలు, పెంకుల్లాంటి గట్టి పలకలు, వీపు మీద తెరచాపలా లేచే రెక్క, తల కింద గుండ్రటి నోరు. ‘‘ఇదా! దీనికోసమా ఇంత తొట్టె?’’ అంటారు. అవును, దీనికోసమే. ఇది సక్కర్‌ చేప. మేం కొన్నది కాదు, కోరుకున్నదీ కాదు.

పై వాటాలో మూడేళ్లు అద్దెకున్న కుటుంబానికి హైదరాబాద్‌ బదిలీ అయింది. చీపురుకట్టతో సహా అన్నీ సర్దుకున్నారు. మిగిలింది రెండడుగుల అక్వేరియం. కొన్న కొత్తలో అందులో గోల్డ్‌ఫిష్‌లూ గప్పీలూ ఉండేవట. ‘ఇది నాచంతా తినేసి అద్దాలు శుభ్రంగా ఉంచుతుంది, మీకు పనుండదు’ అని ఎవరో చెబితే వేలెడంత సక్కర్‌ని కూడా తెచ్చి వేశారు. రంగు చేపలు ఒక్కొక్కటే పోయాయి. ఇది మాత్రం పెరిగింది. మా చేతికి వచ్చేసరికి 13 అంగుళాలుంది. అడుగు వెడల్పు తొట్టెలో అటు నుంచి ఇటు తిరగాలంటే తోక మడుచుకోవాల్సిందే. ‘‘లారీలో ఇది బతకదండీ. మీకు కాలువ దగ్గరే కదా, వదిలేయండి. హాయిగా బతుకుతుంది’’ అని చెప్పి, మా అమ్మాయి చేతిలో మేత డబ్బా పెట్టి వెళ్లిపోయారు.

అసలు చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. అది నిజంగానే హాయిగా బతుకుతుంది!

ఆ రోజు సాయంత్రమే మా వారు బకెట్‌ తీశారు. ఆయన తప్పేం లేదు. మా వీధి దాటి నాలుగడుగులు వేస్తే కాలువ. కాటన్‌ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేసినప్పట్నుంచి ఈ డెల్టాకి కాలువే ప్రాణం. పూజ చేసిన పూలు, దేవుడి పాత పటాలు, అవసరం తీరినవన్నీ అందులోకే. అలాంటిది, ప్రాణమున్న చేపని నీళ్లలో వదలడం పుణ్యమే కదా అనుకోవడం సహజం. మా అమ్మాయి కూడా బకెట్‌ వెనకాలే చెప్పులేసుకుని తయారైంది.

నేను ఆపాను. ఎందుకంటే, అంతకు కొన్ని నెలల ముందే ఓ కథనం కోసం చేపల చెరువుల గట్ల మీద తిరిగాను. ఒకచోట వల లాగుతున్నారు. వలలో బొచ్చెలూ శీలావతులతో పాటు నల్లగా, గరుకుగా ఇవే. ముళ్లు వల కన్నుల్లో చిక్కుకుని, విడదీస్తుంటే వల పర్రుమని చిరిగింది. వల లాగే ఆయన ఒకదాన్ని తీసి గట్టు మీదకి విసిరి, ‘‘సూడండి మేడం, పొద్దున్నేసింది మద్దేనానికి కూడా సావదు. మేము ఏసిన మేతంతా దీనికే. అమ్ముదామంటే కొనేవోడు లేడు’’ అన్నాడు. వల బాగు చేయించుకోవడానికి ఎంతవుతుందో లెక్క చెబుతున్నప్పుడు ఆయన గొంతు నాకు ఇంకా గుర్తుంది. ఆ లెక్కలో మా బకెట్‌లోని చేప కూడా కలవాలా?

సక్కర్‌ది దక్షిణ అమెరికా. అమెజాన్‌, ఒరినోకో నదుల్లోంచి అక్వేరియం వ్యాపారం మీద ప్రపంచమంతా తిరిగింది. నీళ్లలో ఆక్సిజన్‌ చాలకపోతే పైకొచ్చి గాలి మింగుతుంది. పొట్టే దానికి ఊపిరితిత్తి. అందుకే గట్టు మీద పడేసినా గంటల తరబడి చావదు. ఒంటి మీద కవచం లాంటి పలకలు, రెక్కల్లో ముళ్లు... మన కొంగలకీ కొర్రమీనులకీ అంత తేలిగ్గా మింగుడు పడదు. గుడ్లు పెట్టే కాలంలో మగ చేప గట్టులో మూడడుగుల దాకా బొరియ తవ్వి, అందులో కాపలా కాస్తుంది. చెరువుకైనా కాలువకైనా గట్టే కదా ఆయువు! మెక్సికోలో ఇన్ఫియర్నియో అనే పెద్ద జలాశయం ఉంది. అక్కడి జాలర్లు జిలేబీ చేపల మీద బతికేవాళ్లు. సక్కర్లు చేరాక వలల నిండా ఇవే పడ్డాయి, జాలర్ల బతుకు తలకిందులైంది. మన దగ్గరా తక్కువేం లేదు. నీళ్లలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి ఏ చేప ఎక్కడుందో కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీనిమీద ప్రయోగించారు. తూర్పు కనుమల్లో వాళ్లు పరీక్షించిన నీటి వనరుల్లో సగానికి పైగా చోట్ల ఇది ఉన్నట్టు 2024లో తేల్చారు.

‘‘ఇప్పటికే అన్ని ఉంటే, మనమొక్కటి వేస్తే కొత్తగా వచ్చేదేముంది?’’ అన్నారు మా వారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు నా దగ్గర లేదు కానీ మావయ్యగారి దగ్గర ఉంది.

మావయ్యగారు నలభై ఏళ్లు నర్సరీలో అంట్లు కట్టిన మనిషి. మామిడి, సపోటా, గులాబీ... ఆయన చేతి అంటు ఏ రాష్ట్రంలో కాస్తోందో ఆయనకే తెలీదు. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక... ఈ ఊళ్లన్నిటికీ పరాయి మొక్కని సొంతం చేసుకోవడమే వృత్తి. థాయ్‌లాండ్‌ నుంచి వచ్చిన మొక్క మన ఎండకి అలవాటు పడి, మళ్లీ లారీ ఎక్కి ఢిల్లీ వెళ్తుంది. అలాంటి మనిషి ఆ రోజు పడక్కుర్చీలోంచి లేవకుండానే, ‘‘గుర్రపుడెక్క కూడా పువ్వు బాగుందనే తెచ్చార్రా’’ అన్నారు.

అంతే, మా వారు బకెట్‌ దింపేశారు.

ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. గుర్రపుడెక్కదీ అమెజాన్‌ ప్రాంతమే. లేత ఊదారంగు పువ్వు అందంగా ఉందని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తోటల కోసం తెచ్చుకున్నారు. అనువైన చోట రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. ఇవాళ మన డెల్టాలో ఏ కాలువ చూసినా, ఏ మురుగు డ్రెయిన్‌ చూసినా పచ్చటి తివాచీలా అదే. ఏటా తీయించడం, ఏటా పెరగడం. మొదటి మొక్కని తెచ్చినవాళ్లు మహా అయితే తమ ఇంటి కొలను వరకే ఆలోచించి ఉంటారు. ‘‘మొక్కయితే కుండీలో ఉంటది. నీళ్లలోది కుండీలో ఉండదమ్మాయ్‌’’ అన్నారు మావయ్యగారు నాతో.

సరే, కాలువలో వదలకూడదు. మరి ఏం చేయాలి? చంపేయడం ఓ దారి. చెరువుల వాళ్లు చేసేది అదే, వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ మూడేళ్లు మెట్లెక్కి వెళ్లి మేత వేసి వచ్చిన పిల్లకి ఆ మాట చెప్పడం ఎలా? రాజమండ్రిలో రెండు అక్వేరియం దుకాణాలకి ఫోన్‌ చేశాను. చిన్నదైతే తీసుకుంటామన్నారు. పెద్ద సక్కర్‌ని ఎవరూ కొనరట. ఉన్న తొట్టెలోనే ఉంచడం అంటే బతికున్న చేపని సీసాలో ఊరగాయ పెట్టడమే. ఇక మిగిలింది ఒకటే దారి... అది తిరగడానికి సరిపడే తొట్టె. పెరిగితే ఈ చేప అడుగున్నర దాటుతుంది. పదేళ్లకి పైనే బతుకుతుంది. అంటే మా అమ్మాయి ఆరో తరగతి నుంచి డిగ్రీకి వెళ్లేదాకా! ఇంట్లో మూడు రోజులు చర్చ నడిచింది. ‘‘ఆ డబ్బుతో పులస వచ్చేది’’ అని అత్తయ్యగారు ఒక్కసారే అన్నారు. ఆవిడ ఒక్కసారి అన్నారంటే పదిసార్లు అన్నట్టే లెక్క. అయినా నాలుగో రోజు కొలతలు తీసుకున్నాం.

పెద్ద అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లు ముందు లెక్కేయాల్సింది చేపల్ని కాదు, బరువుని. 6 × 2 × 2 అడుగుల తొట్టె అంచుదాకా నింపితే 680 లీటర్లు. పైన కాస్త ఖాళీ వదిలినా నీళ్లే 6 క్వింటాళ్లు దాటతాయి. 12 మిల్లీమీటర్ల మందం అద్దమే 120 కిలోలు. ఇసుక, మొద్దు, ఇనుప స్టాండ్‌ కలిపితే మొత్తం 9 క్వింటాళ్ల దగ్గర తేలింది. మా భాషలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు పన్నెండు, హాల్లో ఒకే మూల, పదేళ్లపాటు! అందుకే పై వాటా మాటే ఎత్తలేదు. కింద, పునాది గోడ పక్కన, గచ్చు గట్టిగా ఉన్నచోటే పెట్టాం. కిటికీ ఎదురుగా వద్దని మావయ్యగారే అన్నారు. ఎండ తగిలితే నాచు పడుతుందని ఆయనకి నీళ్ల తొట్లతో ఉన్న అనుభవం.

అద్దాలు కోసి అతికించే కుర్రాడు రాజమండ్రి నుంచి వచ్చాడు. అతికించేది సిలికాన్‌తో. బాత్రూముల్లో వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన రకం చేపలకి విషం. మందులేవీ కలపని రకమే వాడాలి. ఆరేటప్పుడు ఇల్లంతా వెనిగర్‌ వాసన. వారం ఆరనిచ్చి, ముందు వాకిట్లోనే నీళ్లు నింపి మూడు రోజులు వదిలేశాం. కింద పరిచిన పాత పేపర్‌ తడవలేదు... మా పేపరే లెండి. స్టాండ్‌కీ అద్దానికీ మధ్య థర్మోకోల్‌ షీట్‌ వేశాం. స్టాండ్‌లో వెంట్రుకవాసి ఎత్తుపల్లాలున్నా ఆ బరువుకి అద్దం పగులుతుంది మరి.

ఇసుక గోదావరిది. జల్లించి, బకెట్లో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఎన్నిసార్లని అడక్కండి. మా అమ్మాయి పదిహేడు వరకూ లెక్కపెట్టి మానేసింది. నీళ్లు బోరువి. కుళాయి నీళ్లయితే క్లోరిన్‌ పోవడానికి ఒక రోజంతా డ్రమ్ములో పట్టి, గాలి పంపు పెట్టి ఉంచాలి. ‘కాలువ నీళ్లు పోస్తే పోయేదిగా’ అని వీధిలో అందరూ అన్నారు. కానీ ఆ నీళ్లతో పాటు పొలాల మందులూ, కంటికి కనపడని పరాన్నజీవులూ ఇంట్లోకి వస్తాయి. కాలువ మనింట్లోకి రాకూడదు, మనింటిది కాలువలోకి పోకూడదు. మాకున్న నియమం ఇదొక్కటే.

నీళ్లు నిండాయి, లైటు వెలిగింది, ఫిల్టర్‌ తిరిగింది. అద్దంలా ఉన్నాయి నీళ్లు. మా అమ్మాయి చేపని తెచ్చేయమని ఒకటే గొడవ. ఇక్కడే చాలామంది ఇళ్లలో చేపలు పోయేది. తేటగా ఉన్న నీళ్లు మంచి నీళ్లని కాదు. చేప విసర్జించేదాంట్లోంచి, తినకుండా వదిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపకి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది మోతాదు మించకపోతే చేపకి ఇబ్బంది లేదు. ఈ రెండు రకాలూ ఫిల్టర్‌లోని స్పాంజి మీదా, సిరామిక్‌ ముక్కల మీదా, ఇసుక మీదా స్థిరపడడానికి నెల, నెలన్నర పడుతుంది. కొత్త తొట్టెలో మొదటిరోజే చేపల్ని వేసేస్తే ఆ రెండు విషాల మధ్యా అవి నలిగిపోతాయి. పై వాటా వాళ్ల గోల్డ్‌ఫిష్‌లు ఎలా పోయాయో నేను చూడలేదు గానీ, ఊహించగలను.

ఇదంతా నేను పుస్తకం చూసి మా అమ్మాయికి బొమ్మ గీసి చెబుతుంటే, మావయ్యగారు మధ్యలో అందుకున్నారు. ‘‘ఇందులో బొమ్మలెందుకమ్మా? పచ్చి పేడ మొదట్లో వేస్తే మొక్క మాడిపోద్ది. మాగిన ఎరువేస్తే తింటది. నీ నీళ్లూ మాగాలి, అంతే.’’ మట్టిలో పేడని మార్చేదీ, నీళ్లలో అమ్మోనియాని మార్చేదీ కంటికి కనపడని జీవులే. నేను అరగంట చెప్పింది ఆయన మూడు ముక్కల్లో తేల్చేశారు.

నీళ్లు మాగే పని త్వరగా కావడానికి ఒక కిటుకుంది. పాత తొట్టె ఫిల్టర్‌లోని స్పాంజిని కడగకుండా తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెట్టాలి. పెరుగు తోడుపెట్టినట్టు. రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాం. పరీక్షించే కిట్‌తో మా అమ్మాయి రోజు విడిచి రోజు నీళ్ల రంగు చూసి నోట్‌బుక్‌లో రాసింది. అమ్మోనియా పెరిగి తగ్గింది, తర్వాత నైట్రైట్‌ పెరిగి తగ్గింది. రెండూ వరసగా వారం పాటు సున్నా చూపించాక, ఇరవై ఏడో రోజున చేప గృహప్రవేశం. తడి తువ్వాలులో చుట్టి మా వారే తీసుకొచ్చారు. వలతో పట్టకూడదని, ముళ్లు చిక్కుకుంటాయని చెప్పింది నేనే. చెరువు గట్టు మీద చూసిన వల అక్కడ పనికొచ్చింది. తొట్టెలో పడ్డాక అది ఓ పది నిమిషాలు కదల్లేదు. తర్వాత ఒక్కసారి ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లి, వీపు మీది రెక్క పూర్తిగా విప్పింది. అంత పెద్ద రెక్క దానికుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలీదు. పాత తొట్టెలో విప్పే చోటేదీ?

ఖర్చంటారా? అద్దం, స్టాండ్‌, ఫిల్టర్‌, లైటు అన్నీ కలిపి రూ.32 వేలు దాటింది. కరెంటు పోతే గాలి పంపు ఆగకుండా ఇన్వర్టర్‌కి కలిపాం. సక్కర్‌ గాలి మింగి బతికేస్తుంది, కానీ ఫిల్టర్‌లో బ్యాక్టీరియాకి ఆ విద్య రాదు. ‘నాచు తిని బతుకుతుంది’ అనేది ఒట్టి మాట. అంత ఒంటికి అద్దాల మీది నాచు ఏ మూలకి? రాత్రి లైట్లు ఆర్పాక బీరకాయ ముక్కో, దోసకాయ ముక్కో, ఉడికించిన పాలకూరో చెంచాకి గుచ్చి వేస్తాం. పొద్దున్నకి చెక్కు మిగులుతుంది. ‘అద్దాలు శుభ్రం చేస్తుంది’ అన్నారే, అది తిన్నదానికి తగ్గట్టే విసర్జిస్తుంది. శుభ్రం చేసేది మేం.

వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. రోజురోజుకీ అవీ ఎండుతుంటే చిత్తపరిగెలు బురదలో కొట్టుకుంటాయి. పిల్లలు గిన్నెలతో, తువ్వాళ్లతో పట్టుకొస్తారు. మా అమ్మాయి ఓ పది తెచ్చింది. పై వాటా వాళ్ల పాత తొట్టె అప్పుడు పనికొచ్చింది. నెల రోజులు అందులో విడిగా ఉంచి, రోగాలేమీ లేవని తేలాక పెద్ద తొట్టెలో వదిలాం. ఇగురు పెట్టుకునేటప్పుడు వాటిని ఎన్నిసార్లు చూసుంటాను! కానీ ఎర్ర నీళ్లలోంచి తీసి, తేట నీళ్లలో, వెలుగులో పెట్టి చూడడం అదే మొదటిసారి. వెండి ఒంటి మీద లేత బంగారు ఛాయ, తోక మొదట్లో నల్లచుక్క, మగవాటికి పక్కన ఎర్రటి గీత. దుకాణంలో కొన్న రంగు చేపలు ఏం సరిపోతాయి? అయితే నీళ్లు వదిలాక వీటినీ కాలువలో వదలం. మా తొట్టెలో ఏ రోగం అంటుకుని ఉందో చెప్పలేం కదా. అత్తయ్యగారు వాటి వైపు చూసే చూపు మాత్రం నాకు ఇప్పటికీ అనుమానమే.

వారానికోసారి 150 లీటర్ల దాకా నీళ్లు తీసి కొత్తవి పోయాలి. తీసిన నీళ్లు మురుగులోకి వెళ్లవు. ఆదివారం పొద్దున్నే మావయ్యగారు పైపు చివర పట్టుకుని పెరట్లో కుండీలకి పెడతారు. నైట్రేట్‌ నిండిన నీళ్లు కదా, ఆయన క్రోటన్లూ మందారాలూ ఈ ఏడాది చూడాలి! ఆ చేప ఇంట్లో అక్కర్లేదని మొదట్లో అన్న మనిషే ఇప్పుడు శనివారం రాత్రి ‘‘రేపు నీళ్లు తీస్తున్నారా?’’ అని గుర్తు చేస్తారు.

మొన్నీమధ్య సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో పక్కవీధి కుర్రాడు నిలబడి ఉన్నాడు. చేతిలో నీళ్లు నింపిన ప్లాస్టిక్‌ డబ్బా. అందులో జానెడు సక్కర్‌. ‘‘ఆంటీ, మా డాడీ కాలువలో పారేయమన్నారండీ. పాప వద్దంది. మీరు తీసుకుంటారని చెప్పిందండీ’’ అన్నాడు. మా అమ్మాయి లోపల్నుంచి తొంగి చూస్తోంది. రెండూ మగవైతే ఒకే తొట్టెలో కొట్టుకుంటాయి. అలాగని తిప్పి పంపితే అది ఎక్కడికి వెళ్తుందో తెలుసు. డబ్బా తీసుకుని వరండాలో, పాత తొట్టె పక్కన పెట్టాను. రాజమండ్రి దుకాణాల వాళ్లకి మళ్లీ ఫోన్లు మొదలుపెట్టాను. ఇది ఇంకా జానెడే కాబట్టి ఒకాయన చూద్దామన్నారు. వచ్చే ఆదివారం కబురు చేస్తానన్నారు.